సిమెంటు ‘సెట్’ కావడాన్ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
పాలిటెక్నిక్ సివిల్ విద్యార్థుల కోసం సిమెంటు పాఠాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ‘సెట్’ అనే మాటకు నిఘంటువులో పుటల కొద్దీ అర్థాలున్నాయి. వాటిలో ఇక్కడికి నప్పేది ‘గట్టిపడు’ ఒక్కటే అనిపిస్తోంది. అయితే మూలంలో సెటింగ్, హార్డెనింగ్ అనేవి రెండు వేర్వేరు దశలుగా ఉన్నాయి. ఇన్ని అర్థాలకూ ఆధారమైన భావం ఏదైనా ఉందా? ఈ పాఠంలో ఏ మాట వాడమంటారు?

మొదటి సమాధానం:
ఆధారం ఉందండి. క్రియగా ‘సెట్’ అనేది ‘సిట్’కు ప్రేరణార్థకం, అంటే కూర్చోబెట్టడం. ఉంగరంలో రాయి పొదిగినా, విరిగిన ఎముకను సరిచేసి కట్టు కట్టినా, పెళ్లికి తేదీ ఖాయం చేసినా, గడియారంలో టైము సరిచేసినా, ఇంగ్లీషువారి దృష్టిలో అదంతా దేన్నో దాని చోట కుదురుగా కూర్చోబెట్టడమే. మనకు మాత్రం పనిని బట్టి క్రియ మారిపోతుంది: పెరుగు తోడుకుంటుంది, సూర్యుడు అస్తమిస్తాడు. గిన్నెల సెట్టు, గణితంలోని సమితి మాత్రం వేరే దారిన వచ్చినవి. ఆ నామవాచకం లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చి, కాలక్రమంలో ఈ క్రియతో కలగలిసిపోయింది. (హోటల్లో రెండు మూడు కలిపి వడ్డించే సెట్ దోసె కూడా ఈ కోవలోదే.)

రెండో సమాధానం:
‘గట్టిపడు’ అని రాయకండి, విద్యార్థి తికమకపడతాడు. నీళ్లు కలిపిన ముద్ద మెత్తదనం కోల్పోయి, ఇక మలచడానికి లొంగని స్థితికి రావడం సెటింగ్. ఆ తరువాత రోజుల తరబడి బలం పుంజుకోవడం హార్డెనింగ్. ప్రయోగశాలలో వికా పరికరం అచ్చులో 40 మిల్లీమీటర్ల లోతున ముద్ద నింపి సూదిని వదులుతారు. అది అడుగుకు సుమారు 5 మిల్లీమీటర్ల పైన ఆగిపోతే తొలి సెటింగ్ అయినట్టు లెక్క. భారతీయ ప్రమాణం ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇది 30 నిమిషాలలోపు జరగకూడదు, తుది సెటింగ్ 600 నిమిషాలు దాటకూడదు. బలం పరీక్ష మాత్రం 28 రోజుల దాకా సాగుతుంది. మాలు కలిపి, మోసి, పరిచే వ్యవధి దొరకాలనే సిమెంటులో జిప్సం కలుపుతారు. అందువల్ల మొదటి దశకు ‘బిగుసుకోవడం’, రెండో దశకు ‘గట్టిపడటం’ అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
వివరణలో ‘బిగుసుకోవడం’ అనే రాస్తాను. పట్టికల్లో మాత్రం ‘తొలి సెటింగ్ సమయం’ అని ఉంచుతాను, ఎందుకంటే పరీక్షలోనూ ప్రయోగశాల రికార్డులోనూ విద్యార్థికి కనబడేది ఆ మాటే.