శాస్త్రవేత్తలు తేల్చేశారట!

అరసున్న:

సైన్సు వార్తల శీర్షికల్లో ఒక క్రియ నన్ను వదలడం లేదు. తేల్చేశారు. "ఆలస్యంగా పడుకునేవాళ్లకే తెలివి ఎక్కువ: తేల్చేసిన శాస్త్రవేత్తలు" అని సోమవారం వస్తుంది. "పెందలాడే పడుకునేవాళ్లదే చురుకైన బుర్ర: తేల్చి చెప్పిన పరిశోధకులు" అని గురువారం వస్తుంది. ఇటువాళ్లూ తేల్చి, అటువాళ్లూ తేల్చాక మధ్యలో మునిగేది చదివేవాడు.

ముందు వ్యాకరణం సంగతి. తేలు, తేల్చు. కాలు-కాల్చు, రాలు-రాల్చు, కూలు-కూల్చు వరసలోదే ఇదీ. తేలడం దానంతటది జరుగుతుంది, తేల్చడానికి ఒక మనిషి కావాలి. తగవు తీర్చే పెద్దమనిషి తేలుస్తాడు, కోర్టు తేలుస్తుంది. "ఇవాళ అటో ఇటో తేల్చు" అన్నామంటే ఇక మాటలు చాలించమని. దీనికి ఎదురుమాట ముంచడం కాదు, నాన్చడం. ఆలోచిస్తే మన తగాదాల మాటలన్నీ నీళ్లలోనే ఉన్నాయి. ఒకడు నానుస్తాడు, ఒకడు తేలుస్తాడు, ఇద్దరితో వేగలేక మూడోవాడు నీళ్లొదులుకుంటాడు.

మరి సైన్సు చేసే పనేంటి? చాలావరకు నాన్చడమే. ఒకరు కొలిచినదాన్ని ఇంకొకరు కొలవాలి, లెక్కలో తిరకాసు ఉందేమో వెతకాలి, సందేహం ఇంకా ఎంత మిగిలిందో అంకెల్లో చెప్పాలి. 2012 జులై 4న సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మకణం సంగతి ప్రకటించినప్పుడు ఏం చేశారు? అసలు ఆ కణమే లేకపోతే, యాదృచ్ఛికంగా ఇలాంటి ఫలితం కనబడే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి అని లెక్క తేలాకే నోరు విప్పారు. అప్పుడు కూడా జాగ్రత్తగా "హిగ్స్‌ను పోలిన కణం" అన్నారు. అంత ఓపికగా నానబెట్టినవాళ్లని పట్టుకుని తేల్చేశారనడం అన్యాయం కదా.

అందుకని నా ప్రతిపాదన: ఆ చోట 'అట' పెడదాం. "తెలివి ఎక్కువట." అన్నవాడు వేరే ఉన్నాడనీ, నేను కళ్లారా చూడలేదనీ ఒక్క అక్షరంలో చెప్పేయొచ్చు. చేతిలో ఇంత సదుపాయం పెట్టుకుని వాడుకోకపోవడమేంటి?

పొల్లు:

అరసున్న గారూ, మీరు మందు అనుకుంటున్నదే అసలు జబ్బండీ. 'అట' ఎప్పుడో వచ్చి శీర్షికల్లో తిష్ఠ వేసింది. ఒంటరిగా కూడా రాదు, వెనకాల ఆశ్చర్యార్థకాన్ని తోలుకొస్తుంది. "ఇలా చేస్తే వందేళ్లు బతుకుతారట!" ఎవరన్నారట? ఎక్కడట? ఎవరికీ పూచీ లేదు. తేల్చారు అన్నప్పుడు అబద్ధమైనా కనీసం ఎవరో ఒకరి నెత్తిన ఉంటుంది. 'అట' అంటే గోడకి చెవి పెట్టి విన్న మాట. పైగా అందులో వెక్కిరింపు ఒకటి. "ఆయన చదువుకున్నాడటా..." అని కాస్త సాగదీసి పలికి చూడండి, ఆయన డిగ్రీ ఊడి చేతికొస్తుంది.

వట్రసుడి:

తేల్చారు, అట సరే, వాటి మధ్య 'తేలింది' ఒకటి నిశ్శబ్దంగా కూర్చుంది, దాని జోలికి ఎవరూ వెళ్లరేం? తేల్చడానికి మనిషి కావాలన్నారు. 'తేలింది'లో ఆ మనిషి కూడా మాయం. "ఐన్‌స్టీన్ తప్పని తేలింది" అంటే ఇక సాక్షాత్తూ ప్రకృతే వచ్చి వాంగ్మూలం ఇచ్చినట్టు.

2011 సెప్టెంబరు గుర్తుందా? సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకి సుమారు 730 కిలోమీటర్లు న్యూట్రినోలనే సూక్ష్మకణాలు ప్రయాణించాయి. రావలసినదానికంటే 60 నానోసెకన్లు ముందే చేరినట్టు కనబడింది. అంటే కాంతిని మించిన వేగం, ఐన్‌స్టీన్ లెక్కలో కుదరనిది. ఒపెరా అనే ఈ ప్రయోగం చేసినవాళ్లు ఐన్‌స్టీన్ తప్పు అనలేదు. మాకు ఇలా కనబడుతోంది, కారణం అంతుపట్టడం లేదు, మీరూ పరీక్షించండి అన్నారు. శీర్షికలు మాత్రం ఆయన్ని అదే రాత్రి పదవీ విరమణ చేయించాయి. కొన్ని నెలలకి తేలిందేంటంటే, ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగ్గా బిగించలేదు.

చూశారా, ఇక్కడ 'తేలిందేంటంటే' అన్నది అచ్చంగా సరిపోయింది. వెతికారు, దొరికింది, బిగించి చూస్తే ఆ తొందరపాటు పోయింది. కాబట్టి క్రియది తప్పు కాదు, దాన్ని వాడే రోజుది తప్పు. మొదటిరోజు వాడకూడదు.

బండి-ర:

పొల్లు గారు 'అట'ని గోడచాటు మాట చేసేశారు గానీ, దానికి పెద్దింటి చుట్టం ఒకటుంది. 'అందురు'. మొసలి నోట్లో కాలున్న ఏనుగు కూడా 'కలడందురు' అంది గానీ 'కలడని తేల్చారు' అనలేదు! ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా విన్నది విన్నట్టు ఒప్పుకుంది, ఎవరి దగ్గర ఉంటాడంటారో ఒక్కొక్కటే చెప్పింది, చివరికి ఉన్నాడో లేడో అని తన సందేహాన్నీ కలిపింది. సైన్సు విలేకరికి ఇంతకంటే శిక్షణ ఏం కావాలి? మన డెస్కులో ఎవరైనా ఉండుంటే మాత్రం "మకరి బారిన కరి: ఉన్నాడని తేల్చేసిన యోగులు" అని పెట్టేవారు.

తలకట్టు:

నాకు 'తేల్చారు'తో గొడవ లేదు. నా పగంతా 'దూసుకొస్తోంది' మీద. నెలకోసారి ఏదో ఒక గ్రహశకలం భూమి మీదికి దూసుకొస్తూనే ఉంటుంది. లోపల చదివితే ఆ రాయి చంద్రుడికంటే ఎన్నో రెట్ల దూరంలో తన మానాన తను పోతుంటుంది. మరి భూమి? అది సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతోంది. ఆ రాయి మీద పత్రికలుంటే "దూసుకొస్తున్న భూమి, వణికిపోతున్న రాళ్లు" అని బ్యానర్ పడేది.

మొన్నటి 2024 వైఆర్4నే తీసుకోండి. 2024 డిసెంబరు చివర్లో కనిపెట్టారు. 2032లో ఢీకొట్టే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా లేచింది. అది లేచిన ప్రతి మెట్టుకీ ఒక శీర్షిక. ఆ తర్వాత కొద్దిరోజుల్లోనే, మరిన్ని పరిశీలనలు చేతికొచ్చేసరికి దాదాపు సున్నాకి పడిపోయింది. పడిపోయిన వార్త లోపలి పేజీలో, వాతావరణం పక్కన.

అరసున్న:

తలకట్టు గారూ, వేరే తగవు తెచ్చారనుకున్నాను గానీ ఇది మన తగవే. అపోఫిస్ అనే గ్రహశకలం సంగతి చూడండి. 2004లో కనిపెట్టినప్పుడు ఢీకొట్టే అవకాశం 2.7 శాతం దాకా వెళ్లింది. ఏళ్ల తరబడి రాడార్లతో కొలిచి, కనీసం వందేళ్లదాకా అది భూమిని తాకదని 2021లో నాసా చెప్పింది. 2029 ఏప్రిల్ 13న నేల నుంచి సుమారు 32 వేల కిలోమీటర్ల ఎత్తులో దాటి వెళ్లిపోతుంది. ఇది కదా నిజంగా తేల్చడమంటే! ఈ వార్తకి మాత్రం ఎవరూ ఆ మాట వాడరు. ఇప్పటికీ "ముంచుకొస్తున్న ముప్పు?" అని ప్రశ్నార్థకం తగిలించి నాన్చుతారు. తేలనిచోట తేలుస్తారు, తేలినచోట నానుస్తారు.

బండి-ర:

శాస్త్రవేత్తలు ఖరాఖండిగా తేల్చే సందర్భాలూ ఉన్నాయండోయ్. 2006 ఆగస్టులో ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, చేతులెత్తి ఓట్లేసి ప్లూటోని మరుగుజ్జు గ్రహాల్లోకి దించారు. 1983లో కాంతి వేగం సెకనుకి 29,97,92,458 మీటర్లని ఖాయం చేసి, మీటరంటే ఎంతో దాన్నుంచే చెప్పుకున్నారు. ఇవి మనుషులు పెట్టుకునే పేర్లు, కొలతలు. వీటిని పెద్దమనుషుల్లా కూర్చుని తేల్చొచ్చు. ప్లూటోకి మన తగవు ఎలాగూ తెలియదు, అప్పుడూ ఇప్పుడూ ఒకేలా తిరుగుతోంది.

తలకట్టు:

భాషా బృందంలో ఉన్నాం కాబట్టి ఇంకోటి. 2017లో ఫేస్‌బుక్ పరిశోధకులు బంతులు, టోపీలు, పుస్తకాలు బేరమాడి పంచుకోవడం నేర్పడానికి రెండు చాట్‌బాట్లు తయారుచేశారు. మంచి ఇంగ్లిషులో మాట్లాడితే మార్కులు వేస్తామని వాటికి చెప్పలేదు. దాంతో అవి "నాకు నాకు నాకు నాకు" అన్న ధోరణిలోకి దిగాయి. వెంటనే శీర్షికలు: ఏఐ రహస్య భాష సృష్టించింది, హడలిపోయి ప్లగ్గు పీకేశారు! నిజానికి మనుషులతో బేరమాడే బాట్లు కావాలి కాబట్టి అర్థమయ్యే ఇంగ్లిషు మాట్లాడేలా సరిచేసుకున్నారు, అంతే. అయినా "నాకు నాకు నాకు" రహస్య భాష ఎలా అవుతుందండీ? ఆస్తి పంపకాల్లో ఎవరు మాట్లాడినా అదే కదా.

పొల్లు:

ఇన్ని చెప్పారు గానీ అందరూ ఒకటి మర్చిపోయారు. తేల్చినది తేలిపోయాక ఏం చేస్తారు? 2010 డిసెంబరులో నాసా విలేకరుల సమావేశం పెట్టి, ఒక ఉప్పు సరస్సులోని బ్యాక్టీరియా జీవులకి తప్పనిసరి అనుకునే ఫాస్ఫరస్ బదులు విషమైన ఆర్సెనిక్‌తో బతకగలదన్నట్టు చెప్పింది. జీవం నిర్వచనమే మారిపోయిందని గోల. రెండేళ్లు తిరక్కముందే వేరే ప్రయోగశాలల్లో ఆ ఫలితం నిలబడలేదు. ఆ పత్రాన్ని 'సైన్స్' పత్రిక చివరికి 2025 జులైలో వెనక్కి తీసుకుంది, అదీ రాసినవాళ్లు ఒప్పుకోకుండానే. మొదట డప్పు కొట్టినవాళ్లలో ఎంతమంది రెండోసారి కొట్టారు? తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. (ఈ తేలు వేరు, ఆ తేలు వేరు అని వ్యాకరణం మాస్టార్లు మీద పడకండి. నాకు తెలుసు.)

కొమ్ముదీర్ఘం:

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. నేను డెస్కులో పనిచేస్తాను, మీరు తిడుతున్న శీర్షికలు పెట్టేది నాలాంటివాళ్లే. రెండు ముక్కలు వినండి. శీర్షికకి నాకు దొరికేది ఒక వరస. "ప్రాథమిక ఆధారాలు సూచిస్తున్నాయి" అని రాస్తే ఆ వరస అక్కడికే అయిపోతుంది, విషయానికి చోటుండదు. పైగా 'సూచిస్తున్నాయి' అన్న వార్తని ఎవరూ నొక్కరు. 'తేల్చేశారు' అంటే మీరే నొక్కుతారు, నొక్కి చదివి ఇక్కడికొచ్చి తిడతారు. 'అట' పెట్టొచ్చు, నాకు అభ్యంతరం లేదు, చిన్నది. కానీ పొల్లు గారు అన్నది నిజం, అది పెడితే ఎంత పెద్ద పరిశోధనైనా పుకారులా కనబడుతుంది.

వట్రసుడి:

కొమ్ముదీర్ఘం గారూ, చోటు లేదన్నది ఒప్పుకుంటాను. అయితే క్రియ వదిలేయండి, 'ఎంతమంది మీద' అన్నది పెట్టండి. 2015లో ఒక విలేకరి కావాలనే చాక్లెట్ తింటే బరువు తగ్గుతారని తేలేట్టు ఒక ప్రయోగం చేయించాడు. 15 మంది మనుషులు, వాళ్ల మీద 18 రకాల కొలతలు. అన్ని కొలిస్తే ఏదో ఒకటి అనుకూలంగా రాకపోతుందా, వచ్చింది. డబ్బు కడితే అచ్చేసే పత్రికలో అచ్చయింది, దేశదేశాల పత్రికలూ ఎత్తుకున్నాయి. తర్వాత ఆయనే గుట్టు విప్పాడు. శీర్షికలో "15 మందిలో" అని ఉంటే ఎవరు నమ్మేవారు?

కొమ్ముదీర్ఘం:

అంకె పెట్టొచ్చు గానీ, 15 చిన్నదో పెద్దదో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? 1,500 అని రాస్తే ఎంత చెత్త పరిశోధననైనా నమ్మేస్తాడు. అంకెతో కూడా మోసం చేయొచ్చండీ, మా వృత్తిలో అది మొదటి వారమే వచ్చేస్తుంది.

అరసున్న:

పోనీ ఒక్క మాట అడుగుతాను. మతిమరుపుకి మందు, ఊబకాయానికి మందు, ముసలితనానికి మందు అని మీరు వేసేవాటిలో చాలా వార్తలు తోకలున్న ప్రాణుల మీద చేసిన ప్రయోగాలు. మనుషుల దాకా వచ్చేసరికి అందులో ఎక్కువ భాగం దారిలోనే ఆగిపోతాయి. అలాంటప్పుడు క్రియ మీ ఇష్టం, తేల్చుకోండి, ముంచుకోండి. దాని ముందు 'ఎలుకల్లో' అని పెట్టగలరా?

కొమ్ముదీర్ఘం:

నాలుగక్షరాలు. పడుతుంది. రేపటిదాంట్లో పెడతాను. ఎడిటరు తీసేస్తే నన్ను అడక్కండి.