కీళ్లవాతం ఉన్నవారు నడక, వ్యాయామం మానుకోవాలా?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై)

నమస్కారమండి. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉంది. దానికి మెథోట్రెక్సేట్ అనే మందు వారానికొకసారి వేసుకుంటున్నాను, వ్యాధి చాలావరకు అదుపులోనే ఉంది. అయినా పొద్దున లేచేసరికి వేళ్లు, మణికట్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు పట్టుకోవడమూ కష్టమవుతుంది. మా అత్తగారేమో కీళ్లు అరిగిపోతాయమ్మా, కదలకుండా కూర్చో అంటారు; మావారు తెల్లవారకముందే మెరీనాకు నడకకు బయల్దేరదీస్తారు. ఇసుకలో నడిచిన రోజు చీలమండలు సాయంత్రం దాకా సలుపుతున్నాయి. అసలు నడక నాకు పనికివస్తుందా?

జవాబు (తిరువాన్మియూరు)

నాదీ మీ జబ్బేనండి. అత్తగారి భయం సహజమే గానీ, మనది అరుగుదల వల్ల వచ్చిన జబ్బు కాదు. మన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొరపై దాడి చేయడం వల్ల వాపు వస్తుంది. కదలకుండా కూర్చుంటే ఆ దాడి ఆగదు సరికదా, కీలును పట్టి ఉంచే కండరాలు కూడా బలహీనపడతాయి. మీకు చేటు చేస్తున్నవి నడిచే వేళ, నడిచే చోటు అని నా అభిప్రాయం. బిగువు సడలకముందే బయల్దేరకండి. వేడినీళ్ల స్నానం తరువాతో, సముద్రపు గాలి తిరిగిన సాయంత్రమో నడవండి. మెత్తటి ఇసుకలో పాదం దిగబడి చీలమండ అటూఇటూ ఒరుగుతుంది కాబట్టి, మడమ దగ్గర మెత్తగా ఉండే లేసుల బూట్లు వేసుకుని ఒడ్డు వెంట ఉన్న కాలిబాట మీదే నడవడం మేలు. కూరల సంచి వేళ్లకు తగిలించుకోకుండా భుజానికి వేసుకోండి.

జవాబు (ఫిజియోథెరపిస్టు, అడయారు)

పైవారు చెప్పినది సరైనదే. వ్యాయామం తరువాత పెరిగిన నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే ఆ రోజు మోతాదు ఎక్కువైందని గ్రహించి, మరుసటిసారి తగ్గించాలే తప్ప మానేయకూడదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పది నిమిషాలతో మొదలుపెట్టి నెమ్మదిగా అక్కడికి చేరుకోవచ్చు. అయితే చాలామంది నడకతోనే సరిపెట్టుకుంటారు, అది చాలదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం వంటి కండరాల వ్యాయామం వారానికి రెండుసార్లైనా ఉండాలి. ఈ వ్యాధి మెడ పైభాగపు కీళ్లను కూడా వదులు చేయగలదు. అందువల్ల శీర్షాసనం, సర్వాంగాసనం జోలికి వెళ్లవద్దు. మెడనొప్పి తల వెనక్కి పాకినా, చేతులు తిమ్మిరెక్కినా ముందు మీ రుమటాలజిస్టుకు (కీళ్లవాతం చూసే వైద్యులకు) చెప్పండి.

జవాబు (టి.నగర్)

నాది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అమ్మా, వెన్నెముకకు వచ్చేది. దీనిలో విశ్రాంతి తీసుకుంటే నొప్పి పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. పక్కటెముకల కీళ్లూ బిగుస్తాయి కాబట్టి గుండె నిండా ఊపిరి తీసుకునే అభ్యాసం నాకు నడకతో సమానం. మీకు ఈత కుదిరితే చూడండి, నీళ్లలో కీళ్ల మీద బరువు పడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలండి. ఒక్క మణికట్టు మాత్రమే వాచిన రోజు కాళ్ల వ్యాయామం చేయవచ్చా?

ఫిజియోథెరపిస్టు

చేయవచ్చు. వాచిన మణికట్టు మీద బరువు వేయకుండా, రోజుకు ఒకటి రెండుసార్లు దానిని మెల్లగా, నొప్పి అనుమతించినంత మేరకు తిప్పితే చాలు. కానీ ఒకే కీలు హఠాత్తుగా ఎర్రబడి, కాలుతూ, జ్వరం కూడా వస్తే అది కీలులో చేరిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. మీరు వాడే మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.