హోం క్వారంటైన్ ఉల్లంఘన కేసులు కోర్టులో నిలుస్తాయా?

ప్రశ్న: కరోనా కాలంలో పెట్టిన 188 సెక్షన్ (అధికారి ఉత్తర్వు ధిక్కరణ) కేసుల్లో బలమెంత? గుమ్మానికి క్వారంటైన్ పోస్టర్ అంటించడం చట్టబద్ధమేనా?

జవాబు 1: 1897 అంటువ్యాధుల చట్టం ఉత్తర్వును ధిక్కరిస్తే అప్పట్లో శిక్ష ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 188 కిందే. చిక్కంతా నాటి నేర విచారణ స్మృతి, అంటే సీఆర్‌పీసీ 195తోనే. ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పైఅధికారో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయనిదే కోర్టు కేసు చేపట్టకూడదు. పోలీసు ఛార్జిషీటు ఒక్కటే ఉంటే, కొట్టేయమని హైకోర్టుకు వెళ్లొచ్చు.

జవాబు 2: ఐపీసీలోనే 271 ఉంది కదా అంటారు. దాని పేరులో క్వారంటైన్ ఉన్నా, పాఠమంతా ఓడలు, వ్యాధి ఉన్న ప్రాంతాలతో రాకపోకల గురించి. ఇంట్లో ఉండాల్సిన మనిషికి సరిగ్గా అతకదు. పైగా నాన్ కాగ్నిజబుల్, అంటే వారంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయలేని నేరం. నిర్లక్ష్యంతో వ్యాధి వ్యాపింపజేయడానికి సంబంధించిన 269 అయితే వ్యాధి వ్యాపించే అవకాశముందని నిరూపించాలి. నెగెటివ్ రిపోర్టు ఉంటే కష్టమే.

జవాబు 3: పోస్టర్ సంగతి: విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప వద్దని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నట్టు, పాత ఐపీసీ 269 ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ 271. పాత 271తో కలిపేయకండి!