వ్యర్థ ద్రావణపు తొట్టిలో క్రిటికాలిటీ ప్రమాదం: లెక్కలో శక్తి ఎందుకు ఆగడం లేదు?

విద్యార్థి, మహబూబ్‌నగర్: మిత్రులకు నమస్కారం. అణు వ్యర్థాల శుద్ధి తొట్టిలో జరిగే క్రిటికాలిటీ ప్రమాదానికి, అంటే అణు విచ్ఛిత్తి గొలుసు చర్య అనుకోకుండా మొదలై సాగడానికి, గణిత నమూనా తయారు చేస్తున్నాను. పాయింట్ కైనెటిక్స్ సమీకరణాలు (తొట్టి మొత్తాన్నీ ఒకే బిందువుగా తీసుకుని శక్తి మార్పును లెక్కించేవి) రాసి, ఆరు వర్గాల ఆలస్య న్యూట్రాన్లనూ (విచ్ఛిత్తి తర్వాత కాస్త ఆలస్యంగా వెలువడేవి) చేర్చాను. అయినా శక్తి పెరుగుతూ పోయి కంప్యూటర్ పట్టలేని సంఖ్య అవుతోంది. పొద్దుటి నుంచి ఇదే తంటా. సోమవారం గైడుగారికి చూపించాలి, దయచేసి ఎవరైనా చెప్పండి.

సూర్యాపేట సభ్యుడు: తొట్టిలో ఉన్నది యురేనియమా, ప్లుటోనియమా? లెక్కలో ఒక్కో అడుగుకు కాల విరామం ఎంత? ఇవి తెలియకుండా ఏమీ చెప్పలేము.

విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ: నాయనా, ముందు మన నేల సంగతి చూడండి. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభే తీర్మానించింది. లంబాపూర్, పెద్దగట్టులలో తవ్వితే, సాగర్ జలాశయం పక్కన ఇలాంటి ప్రమాదమే జరగదని హామీ ఎవరిస్తారు?

అధ్యాపకురాలు, నల్లగొండ: మాస్టారూ, నీళ్ల గురించి మీకున్న దిగులు నాకూ ఉంది, కానీ అది వేరే ప్రమాదం. సహజ యురేనియంలో యు-235 (తేలిగ్గా విచ్ఛిత్తి చెందే యురేనియం రకం) సుమారు 0.7 శాతమే కనుక మామూలు నీటిలో ఎంత కలిపినా గొలుసు చర్య నిలబడదు. 1999లో జపాన్‌లోని టొకాయిమురాలో క్రిటికాలిటీ ప్రమాదం జరిగినప్పుడు తొట్టిలో పోసింది 18.8 శాతం యు-235 ఉన్న యురేనియం.

తమ్ముడూ, మీ సమీకరణాల్లో శక్తిని వెనక్కి లాగే పదమేదీ ఉన్నట్టు లేదు. ద్రావణం వేడెక్కి వ్యాకోచిస్తుంది; విచ్ఛిత్తి శకలాల (చీలిన కేంద్రకపు ముక్కల) తాకిడికి నీరు విడిపోయి హైడ్రోజన్ బుడగలు పుడతాయి; ద్రావణం సాంద్రత తగ్గి న్యూట్రాన్లు బయటికి జారిపోవడంతో శక్తి పడిపోతుంది. బుడగలు పైకి తేలి పోగానే మళ్లీ లేస్తుంది. టొకాయిమురాలో చర్య సుమారు 20 గంటలు సాగింది, ఎందుకంటే తొట్టి చుట్టూ ఉన్న, దాన్ని చల్లబరిచే నీరు న్యూట్రాన్లను మళ్లీ లోపలికే మళ్లించింది. ఆ నీటిని తీసేశాకే అది అదుపులోకి వచ్చింది.

విద్యార్థి: ప్లుటోనియమేనండి, పునఃశుద్ధి (వాడిన ఇంధనం నుంచి పనికొచ్చే పదార్థాలను వేరు చేయడం) వ్యర్థంలో మిగిలిపోయినది. విరామం 0.01 సెకను.

సూర్యాపేట సభ్యుడు: అయితే ఆలస్య న్యూట్రాన్ల వాటా యు-235కి వాడే 0.0065 కాదు, సుమారు 0.0021 వేయండి. ఆ విరామం చాలా పెద్దది. ఇంప్లిసిట్ పద్ధతికి (ప్రతి అడుగులో తర్వాతి క్షణపు విలువలనే తెలియనివిగా పెట్టి సాధించేది) మారండి.

అధ్యాపకురాలు: తొట్టి మొత్తానికీ ఒకే గాఢత అనుకోవద్దు. 1970లో బ్రిటన్‌లోని విండ్‌స్కేల్‌లో ఒక పాత్రలో సుమారు 40 లీటర్ల సేంద్రియ ద్రావణి ఎవరికీ తెలియకుండా చిక్కుకుపోయి, తన కిందుగా పోయే పలుచని ద్రావణాల్లోని ప్లుటోనియాన్ని కొద్దికొద్దిగా పీల్చుకుని క్రిటికాలిటీకి దారితీసింది. సగటు గాఢతతో లెక్క వేస్తే ఆ పాత్ర పూర్తి భద్రంగానే కనిపిస్తుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు: మరి గని వ్యర్థాల చెరువు అడుగు బురదలో యురేనియం అలా పేరుకోదా అమ్మా?

అధ్యాపకురాలు: పేరుకుంటుంది మాస్టారూ, రేడియం కూడా ఉంటుంది. క్రిటికాలిటీ మాత్రం రాదు.

విద్యార్థి: ఉష్ణోగ్రత పదం చేర్చాక శక్తి శిఖరానికి వెళ్లి దిగుతోంది. బుడగల సంగతి ఇంకా తేలలేదు. అందరికీ ధన్యవాదాలు.