శేరిలింగంపల్లి చరిత్ర 1998తో మొదలవుతుందా?

సైబర్ తరం (చర్చ ప్రారంభించినవారు)
మా కాలనీ సంఘం తరఫున ఒక జ్ఞాపకాల సంచిక వేస్తున్నాం. హైదరాబాద్ పడమటి వైపు శేరిలింగంపల్లి, మాదాపూర్, కొండాపూర్, మియాపూర్‌లలో ఉంటున్నవాళ్ల అనుభవాలు, పాత ఫొటోలు కావాలి. మొదటి అధ్యాయం ఎక్కడ మొదలుపెట్టాలన్న దాని మీద కమిటీలోనే పేచీ వచ్చింది. నా ప్రతిపాదన 1998 నవంబరు 22. ఆ రోజు ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఇక్కడ నగరమంటూ ఏర్పడింది ఆ తర్వాతే. అంతకుముందు బండరాళ్లు, తుమ్మ చెట్లు తప్ప ఏమీ లేదు. ముఖచిత్రానికి ఆ రోజుల ఫొటో ఒకటి దొరికింది, చుట్టూ ఏమీ లేకుండా భవనం ఒక్కటే కనిపిస్తుంది. దాని కింద ‘ఖాళీ నేల నుంచి మహానగరం దాకా’ అని వేయాలనుకుంటున్నాం. మీరేమంటారు?

పాత లింగంపల్లి
ఖాళీ నేల అని ఎవరు చెప్పారు మీకు? మెట్టలో జొన్న, కంది వేసేవాళ్లం, చెరువు కింద వరి. దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరిచ్చింది. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, అదీ ఆ కాలానిదే. మియాపూర్‌లో పటేల్ చెరువు, లింగంపల్లిలో గోపి చెరువు, ఇంకా పేర్లు చెప్పమంటే చెబుతాను. ఎవరూ లేని నేలకు చెరువులు ఎవరు తవ్వించారు, ఎవరి కోసం?

రిటైర్డ్ ఫిట్టర్
ఇద్దరూ మధ్యలో నలభై ఏళ్లు మింగేశారు. రామచంద్రాపురంలో భెల్, బాలానగర్‌లో ఐడీపీఎల్ 1960ల్లో వచ్చాయి. శివారును శివారుగా మార్చింది కర్మాగారాలు. నేను పనిలో చేరేనాటికే క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, గ్రంథాలయం, సాయంత్రం వాలీబాల్, అన్నీ ఉన్నాయి. తమిళులు, మలయాళీలు, బెంగాలీలు, కోస్తావాళ్లు, పాలమూరువాళ్లు ఒకే వరుస ఇళ్లలో ఉండేవాళ్లం. దసరాకు ఒక ఇంట్లో బొమ్మల కొలువు, పక్కింట్లో దుర్గాపూజ. కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడి, మొదట అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలికి వచ్చింది. ఇవన్నీ తుమ్మ చెట్ల లెక్కలోకే వస్తాయా బాబూ?

సైబర్ తరం
నన్ను బాబూ అనక్కర్లేదు, నాకూ యాభై దాటాయి. కర్మాగారం టౌన్‌షిప్ గోడల లోపల ఉంది. గోడ బయట ఏముందన్నదే నా ప్రశ్న. రోడ్డు, నీరు, రైలు, ఇవి ఉంటేనే నగరం. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ అనే నగర రైలు వచ్చేదాకా ఇటువైపు రైలే లేదు. బయటి వలయ రహదారి గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా 2008లో తెరిచారు. మన మున్సిపాలిటీని 2007లో జీహెచ్‌ఎంసీలో కలిపారు. తేదీలన్నీ 1998 తర్వాతవే, నేను అంటున్నదీ అదే.

రిటైర్డ్ ఫిట్టర్
రైలు లేదా? సికింద్రాబాద్ నుంచి కర్ణాటకలోని వాడి జంక్షను దాకా లైను పడింది 1874లో. అది లింగంపల్లి మీదుగానే పోతుంది. ఎంఎంటీఎస్ నడుస్తున్నది ఆ పట్టాల మీదే కదా.

సైబర్ తరం
రైలు పోవడం వేరు, ఆగడం వేరు.

రిటైర్డ్ ఫిట్టర్
ఆగకుండా పోతే నేను లింగంపల్లిలో పాసింజరు ఎలా ఎక్కేవాణ్ని? నాంపల్లిలో దిగి, పని చూసుకుని, సాయంత్రం మళ్లీ అందులోనే వచ్చేవాణ్ని. ఎంఎంటీఎస్‌కు ముందు రైలు లేదన్న మాట మీ సంచికలో అచ్చయితే నేను ప్రతి ఇంటికీ వెళ్లి పెన్నుతో కొట్టేస్తాను.

సైబర్ తరం
రోజుకు ఎన్ని ఆగేవో చెప్పండి. రెండా, మూడా? దాన్ని రవాణా అంటారా? ఆఫీసుకు వెళ్లేవాడు ఆ రైలును నమ్ముకుంటే ఉద్యోగం పోతుంది. హైటెక్ సిటీ స్టేషను కట్టింది ఎంఎంటీఎస్ కోసమే, అంతకుముందు ఆ పేరుతో స్టేషనే లేదు.

రిటైర్డ్ ఫిట్టర్
హైటెక్ సిటీయే లేనప్పుడు ఆ పేరుతో స్టేషను ఎలా ఉంటుందండీ?

నిద్రపట్టని పాఠకుడు
ఈ ఒక్క మాటకే రాత్రంతా మేలుకున్నందుకు ఫలితం దక్కింది.

నిర్వాహకులు
రైళ్ల మీద వేరే చర్చ తెరవండి. ఇక్కడ సంచిక గురించి మాట్లాడుకుందాం.

కొండాపూర్ గృహిణి
మేం 2004లో వచ్చాం. నాకు గుర్తున్నది నీళ్ల ట్యాంకరు. డ్రైవరుకు ఫోను చేసి బతిమాలడం, అతను ఏ అపార్ట్‌మెంటుకు ముందు వస్తాడో అని బాల్కనీలో నిలబడి చూడడం. పక్క ఫ్లాటు ఆవిడతో మొదటిసారి మాట్లాడింది కూడా బిందె పట్టుకునే. తేదీలు, ప్రారంభోత్సవాలు మగవాళ్లు రాసుకోండి. ఈ ట్యాంకర్ల సంగతి కూడా ఒక చోట వేస్తే బాగుంటుంది.

పాత లింగంపల్లి
అమ్మా, మీరు బతిమాలిన ఆ ట్యాంకరు నీళ్లు ఎక్కడివో తెలుసా? మా ఊళ్లో మిగిలిన నాలుగు పొలాల్లో బోర్లు వేసి అమ్ముకున్న నీళ్లు. వరికి పెడితే నష్టం, ట్యాంకరుకు పోస్తే లాభం. ఆ బోర్లూ తర్వాత ఎండిపోయాయి.
సైబర్ తరం గారికి ఒక్క మాట. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చెట్లు కొట్టడం ఆపమని కోర్టు చెప్పింది. అక్కడా మొదట వినిపించిన మాట ‘ఖాళీగా ఉన్న స్థలం’ అనే. ఖాళీ అన్నాక ధర కట్టడం సులువు.

సైబర్ తరం
ఇప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి మమ్మల్ని దొంగలుగా నిలబెట్టడమే మీ ఉద్దేశం. నా సంగతీ వినండి. 2011లో ఇరవై ఏళ్ల అప్పు మీద ఫ్లాటు కొన్నాను. అనుమతులున్నాయి, బ్యాంకు చూసింది, రిజిస్ట్రేషన్ అయింది. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు సెల్లారులో ఆరడుగుల నీళ్లు నిలిచాయి, కారు, జనరేటరు మునిగాయి. మూడు రోజులు లిఫ్టు లేదు. మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా కిందికి దించాం. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థను ఏర్పాటు చేశాక పొక్లెయిన్ చప్పుడు వినిపిస్తే చాలు, అందరం వాట్సాప్‌లో ఒకరినొకరు అడుగుతున్నాం. బిల్డర్ ఫోను ఎత్తడు. పైగా కాలనీ సమావేశంలో పాత ఊరి పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని ‘చెరువు తిన్నవాళ్లు’ అన్నాడు. జీతంలో సగం కంతులకు కట్టేవాళ్లం చెరువు తిన్నామా?

పాత లింగంపల్లి
మీ ఇల్లు చెరువు పూర్తి నీటిమట్టం, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, లోపల ఉందా, బయట ఉందా? దానికి ముందు జవాబు చెప్పండి.

సైబర్ తరం
మ్యాపు ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తోంది. పెద్ద చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలన్న నియమం నాకూ ఇప్పుడు కంఠస్థం. కొన్ననాడు ఎవరూ చెప్పలేదు. నా ప్రశ్నకు మీరూ జవాబు చెప్పండి. ఆ నేల బిల్డర్‌కు అమ్మిందెవరు? ఆకాశం నుంచి ఎవరైనా దిగొచ్చి అమ్మారా?

మియాపూర్ మిత్రుడు
ఇది అడగాల్సిన ప్రశ్నే.

నిద్రపట్టని పాఠకుడు
రైళ్లే నయం అనిపిస్తోంది.

పాత లింగంపల్లి
చెబుతాను, దాచేదేమీ లేదు. శిఖం పట్టా అంటే ఏమిటో ముందు తెలుసుకోండి. చెరువు నిండినప్పుడు నీళ్లలో ఉంటుంది, నీళ్లు వెనక్కి పోయాక దున్నుకోవచ్చు. కట్టడాలకు వీల్లేదు. మా నాన్నకు అలాంటి నేల కొంత, పక్కన మెట్ట కొంత ఉండేది. 1990ల్లో దళారి వచ్చి రెండూ కలిపి అడిగాడు. ‘రాళ్లు తప్ప ఏముంది ఇక్కడ, ఎవరు కొంటారు’ అని అరుగు మీద కూర్చుని పదిసార్లు అన్నాడు. ఆ మాటే నమ్మి అమ్మాం. వచ్చిన డబ్బుతో అక్క పెళ్లి అయింది, రేకులింటికి స్లాబు పడింది, అంతే. నాన్న సంతకం పెట్టిన కొన్నేళ్లకే ఆ ధర ఎన్ని రెట్లు పెరిగిందో లెక్క వేయడం మానేశాను. ఇప్పుడు నేను క్యాబు నడుపుతున్నాను. ఆ మెట్ట మీద కట్టిన ఆఫీసుకు రాత్రి షిఫ్టు వాళ్లను దింపుతాను. రెండు నిమిషాలు ఆగితే కాపలాదారు వచ్చి బండి తీయమంటాడు.
మీ ముఖచిత్రం మీద ‘ఖాళీ నేల’ అని చూసినప్పుడు నాకు ఆ దళారి గొంతు వినిపించింది. తేదీ మీ ఇష్టం, 1998 వేసుకోండి, 1874 వేసుకోండి. ఆ మాట మాత్రం తీయండి.

సైబర్ తరం
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ ఆ దళారిని నేను పంపలేదు. నాకు ఇక్కడ పాతికేళ్లు గడిచాయి. పిల్లలు ఇక్కడే పుట్టారు, మా నాన్నను ఇక్కడే సాగనంపాం. అయినా ఎక్కడివారని అడుగుతారు, జిల్లా పేరు చెప్పగానే ‘అలాగా’ అని ముఖం తిప్పుకుంటారు. కుతుబ్‌షాహీల నుంచి మొదలుపెడితే మేం చివరి పేరాలో వచ్చే అతిథులం. 1998 నుంచి మొదలుపెడితే కనీసం మొదటి పేజీలో ఉంటాం. తేదీని ఎందుకు పట్టుకున్నానో ఇప్పుడైనా అర్థమైందా?

రిటైర్డ్ ఫిట్టర్
మేం వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న అడిగేవారు. ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక కూడా అడుగుతున్నారు. అయినా క్వార్టర్లకు ముందు ఏమీ లేదని మేం ఎక్కడా రాసుకోలేదు.

పాత లింగంపల్లి
అతిథులని నేను అనలేదు. అన్నవాళ్లున్నారు, కాదనను. మీరు మొదటి పేజీలోనే ఉండండి. అందుకు మమ్మల్ని పుస్తకంలోంచే తీసేయాలా? 1954-55 ఖాస్రా పహాణీ నకలు తెస్తాను. ఏ సర్వే నంబరు ఎవరు దున్నారో పేర్లతో సహా ఉంటుంది. అది అచ్చు వేయండి, ఖాళీయో కాదో చదివినవాళ్లే తేల్చుకుంటారు.

రాతి పని ఇంటి పిల్ల
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఆ పహాణీలో మా వాళ్ల పేరు ఉండదు. ఎందుకంటే మాది దున్నే నేల కాదు, కొట్టే రాయి. మా తాతలు పాలమూరు నుంచి వచ్చి గుట్టల దగ్గర గుడిసెలు వేసుకున్నారు. మీరంతా ‘బండరాళ్లు తప్ప ఏమీ లేదు’ అంటున్నారు చూడండి, ఆ బండల మీదే మా కుటుంబాలు బతికాయి. అమ్మ కంకర కొట్టింది. పునాదుల్లోకి, రోడ్ల కిందికి పోయిన రాయి అక్కడిదే. గుట్ట అయిపోయాక గుడిసెలు తీసేయమన్నారు. పట్టా లేదు కాబట్టి నష్టపరిహారమూ లేదు, అమ్ముకున్నామన్న బాధా లేదు. ఒకాయన ఫ్లాటు పోతుందని, ఒకాయన పొలం పోయిందని కొట్లాడుకుంటున్నారు. సంచికలో మాకు చోటుందా?

మియాపూర్ మిత్రుడు
ఆ గుట్టల ఫొటోలేమైనా ఉన్నాయా అమ్మా?

రాతి పని ఇంటి పిల్ల
ఫొటో తీయడానికి ఎవరు వచ్చారండీ అప్పట్లో. ఇప్పుడు లారీ యార్డు ఉన్న చోటు, రండి చూపిస్తాను.

రిటైర్డ్ ఫిట్టర్
మా క్వార్టర్ల ప్రహరీకి రాయి ఎక్కడి నుంచి తెచ్చారో ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు. అన్నట్టు, రైలు సంగతి కమిటీలో సరిచేశారా?

సైబర్ తరం
‘లోకల్ రైలు’ అని మారుస్తాం. శీర్షిక సంగతి ఆదివారం సమావేశంలో పెడతాను. హామీ ఇవ్వలేను, ముఖచిత్రం ఖర్చు పెట్టుకుంటున్న ఆయనకు ఆ మాటే నచ్చింది. పహాణీ నకలు మాత్రం వేయడం కష్టం. సర్వే నంబర్లు అచ్చయితే కోర్టు చిక్కులొస్తాయని సంఘం భయం.

పాత లింగంపల్లి
ఖాళీ నేలకు కోర్టు చిక్కులేమిటో మీ సంఘాన్నే అడగండి. నకలు నేను ఇక్కడే పెడతాను, మీరు వేసినా వేయకపోయినా.

సైబర్ తరం
మీ ఇష్టం. రాతి పని ఇంటి పిల్ల గారూ, మీకు రెండు పేజీలు ఇవ్వగలం. నెలాఖరులోగా పంపండి.

రాతి పని ఇంటి పిల్ల
రెండు చాలు. అమ్మ చెబుతుంది, నేను రాస్తాను. మీ కమిటీ దిద్దకూడదు.

సైబర్ తరం
దిద్దకుండా ఏదీ వేయం అండీ. ప్రధానమంత్రి ప్రసంగమైనా దిద్దే వేస్తాం.

రాతి పని ఇంటి పిల్ల
అయితే నేను కూడా ఆదివారం సమావేశానికి వస్తాను. ఎన్ని గంటలకు?