క్వాంటం వెల్‌లో ఎక్సిటాన్ కింద కనిపించే రెండో శిఖరం ట్రయానా, స్థానీకృత ఎక్సిటానా?

ప్రశ్న:
20 నానోమీటర్ల మందమున్న గాలియం ఆర్సెనైడ్ క్వాంటం వెల్‌పై (ఎలక్ట్రాన్లను పలుచని పొరలో బంధించే అర్ధవాహక నిర్మాణం) 4 కెల్విన్ వద్ద ఫోటోల్యూమినెసెన్స్ (కాంతితో ఉత్తేజపరిచాక పదార్థం విడిచే వెలుగు) కొలుస్తున్నాను. ఎక్సిటాన్ (ఒకదానికొకటి కట్టుబడిన ఎలక్ట్రాన్, ఎలక్ట్రాన్ ఖాళీల జంట) రేఖకు సుమారు 1.2 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దిగువన మరో సన్నని రేఖ వస్తోంది. 15 కెల్విన్ దాటాక అది దాదాపు మాయమవుతోంది. దీన్ని ట్రయాన్ (అదనపు ఎలక్ట్రాన్ చేరిన ఎక్సిటాన్) అనవచ్చా, లేక వెల్ మందంలోని హెచ్చుతగ్గుల్లో చిక్కుకున్న ఎక్సిటాన్ అనుకోవాలా?

జవాబు 1:
ఉష్ణోగ్రత ఒక్కటే ఆధారమైతే తేల్చలేరు. 1.2 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులంటే సుమారు 14 కెల్విన్‌ల ఉష్ణశక్తి. ట్రయాన్ విడిపోయినా, చిక్కుకున్న ఎక్సిటాన్ బయటపడినా ఆ రేఖ ఇలాగే సన్నగిల్లుతుంది. అయితే మీ వెల్ మందం మీకు అనుకూలంగా ఉంది. బంధిత స్థాయి శక్తి మందం వర్గానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, ఒక్క పరమాణు పొర తేడా తెచ్చే మార్పు దాదాపు మందం ఘనానికి విలోమంగా పడిపోతుంది. 10 నానోమీటర్ల వెల్‌లో అది సుమారు ఒకటిన్నర మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులుండి ట్రయాన్ బంధశక్తితో కలిసిపోయి తికమక పెడుతుంది. 20 నానోమీటర్లకు వచ్చేసరికి అది అర మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఉండదు. అందుచేత మీ రేఖకు మందం తేడాలు కారణమయ్యే అవకాశం తక్కువ. దాత మలినానికి (ఎలక్ట్రాన్‌ను ఇచ్చే పరాయి పరమాణువుకు) అంటుకున్న ఎక్సిటాన్‌ను మాత్రం ఈ లెక్క తోసిపుచ్చదు.

జవాబు 2:
పై లెక్క సరైనదే; దానికి తోడు పరావర్తన వర్ణపటం తప్పక తీయండి. ఫోటోల్యూమినెసెన్స్ అట్టడుగు స్థితులను పెద్దవి చేసి చూపిస్తుంది, ఎందుకంటే పుట్టిన ఎక్సిటాన్లు వెలుగు విడిచేలోగా అక్కడికే జారుకుంటాయి. శోషణలో, పరావర్తనలో అలాంటి పక్షపాతం ఉండదు: కొద్దిపాటి మలినాల రేఖ అక్కడ దాదాపు కనిపించదు, ట్రయాన్ రేఖ బలం మాత్రం వెల్‌లోని ఎలక్ట్రాన్ల సాంద్రతతో పాటు పెరుగుతుంది. 1958లో భౌతిక శాస్త్రవేత్త లాంపర్ట్ ఊహించిన ట్రయాన్‌ను 1993లో క్యాడ్మియం టెల్యూరైడ్ వెల్‌లలో గుర్తించినప్పుడు కూడా శోషణే ప్రధాన సాక్ష్యం. అయస్కాంత క్షేత్రంలో అక్కడున్న ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకవైపు తిరిగాక, ట్రయాన్ శోషణ ఒక వృత్తాకార ధ్రువణంలో బలంగా ఉండి రెండోదానిలో క్షీణించింది. సింగ్లెట్ ట్రయాన్‌లోని రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు వ్యతిరేకంగా ఉండాలి కాబట్టే అలా జరుగుతుంది. గాలియం ఆర్సెనైడ్‌లో ఎలక్ట్రాన్ జీ విలువ (అయస్కాంత క్షేత్రానికి స్పిన్ ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య) చిన్నది గనుక, ఈ ప్రయోగానికి ఉష్ణోగ్రతను వీలైనంత తగ్గించాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నా నమూనాకు గేట్ (వోల్టేజితో ఎలక్ట్రాన్ల సాంద్రతను మార్చే ఎలక్ట్రోడ్) లేదు. ఎలక్ట్రాన్ల సాంద్రతను మార్చే వేరే దారి ఉందా?

జవాబు 3:
ఉంది. బేరియర్ (వెల్‌కు ఇరువైపులా ఉండే పొర) శక్తికి దిగువన ఉన్న లేజర్‌తో ఉత్తేజపరుస్తూ, దానిపై బలహీనమైన హీలియం–నియాన్ కాంతిని కలపండి. బేరియర్‌లో అల్యూమినియం 30 శాతం దాకా ఉంటే ఆ 1.96 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతి బేరియర్‌లోనే శోషణ చెంది, వెల్‌లోని ఆవేశాన్ని మారుస్తుంది. రేఖల స్థానాలు దాదాపు కదలకుండా వాటి బలాల నిష్పత్తి మాత్రం స్పష్టంగా మారితే, ట్రయాన్ వాదనకు అది గట్టి మద్దతు.

ఇంకొక మాట. ట్రయానా, స్థానీకరణా అని రెండుగా విడదీసి అడగడమే ఇక్కడ ఇబ్బంది. 1998లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు గేట్ ఉన్న ఎలక్ట్రాన్ వాయువును (వెల్‌లోని ఎలక్ట్రాన్ల సమూహాన్ని) సమీప క్షేత్ర సూక్ష్మదర్శినితో (కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చిన్న వివరాలనూ చూపే పరికరంతో) చూసినప్పుడు, ట్రయాన్ వెలుగు నమూనా అంతటా సమానంగా కాక ముక్కలు ముక్కలుగా కనిపించింది. దూరంగా ఉన్న దాతల విద్యుత్ క్షేత్రపు గుంటల్లో ఎలక్ట్రాన్లు నిలిచిపోవడమే కారణమని వారు చూపారు. కాబట్టి మీ రేఖ ట్రయాన్‌దే అని తేలినా, అది స్వేచ్ఛగా తిరిగే ట్రయాన్ అని వెంటనే రాసేయకండి. రేఖకు దిగువ శక్తి వైపు తోక ఉందా, అది ఉష్ణోగ్రతతో పొడవుగా సాగుతోందా అని గమనించండి. కదిలే ట్రయాన్ వెలుగు విడిచాక మిగిలిన ఎలక్ట్రాన్ తీసుకుపోయే శక్తి ఆ తోకలోనే కనిపిస్తుంది.