ప్రౌడ్, ప్రైడ్: దేని వెంట ఏ ప్రిపొజిషన్?

నీలిసిరా:
ఉద్యోగ దరఖాస్తులకు జతచేసే లేఖలను సరిదిద్దడం నా పని. ‘ఐ యామ్ వెరీ ప్రైడ్ ఆఫ్ మై టీమ్’, ‘ఐ టేక్ ప్రౌడ్ ఇన్ మై వర్క్’ వంటి వాక్యాలు వాటిలో తరచుగా కనిపిస్తాయి. ప్రౌడ్ విశేషణమనీ, ప్రైడ్ నామవాచకమనీ చెబితే ఆ తికమక తీరిపోతుంది గానీ, తరవాత వచ్చే ఆఫ్, ఇన్, ఆన్‌ల పేచీ మాత్రం తెగడం లేదు. ఇది గుర్తుండిపోయేలా మీరెలా చెబుతుంటారో తెలుపగలరు.

తరగతిగది:
నీలిసిరా గారూ, నేను సూత్రం చెప్పకుండా మూడు వాక్యాలను ఒకదాని కింద ఒకటి బోర్డు మీద రాస్తాను: ‘షి ఈజ్ ప్రౌడ్ ఆఫ్ హర్ వర్క్’, ‘షి టేక్స్ ప్రైడ్ ఇన్ హర్ వర్క్’, ‘షి ప్రైడ్స్ హర్‌సెల్ఫ్ ఆన్ హర్ వర్క్’. మాట రూపం మారినప్పుడల్లా ప్రిపొజిషన్ కూడా మారుతున్నదని విద్యార్థులే పట్టుకుంటారు. మూడో వాక్యంలో ప్రైడ్ క్రియ కనుక హర్‌సెల్ఫ్ వంటి మాట లేనిదే అది నిలవదు.

పాఠశోధకుడు:
ఆ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడవచ్చునని మాత్రం చెప్పకండి. మొదటిది మనసులోని భావాన్ని చెబుతుంది; రెండోది పనిని శ్రద్ధగా, మెరుగ్గా చేసే తీరును సూచిస్తుంది; మూడోది ఫలానా గుణం తనలో ప్రత్యేకంగా ఉందని చాటుకోవడం. అందువల్ల దరఖాస్తులో ‘ఐ ప్రైడ్ మైసెల్ఫ్ ఆన్ మై హానెస్టీ’ అన్న వాక్యం వ్యాకరణరీత్యా నిర్దోషమే అయినా, చదివేవారికి సొంత డబ్బాలాగే వినిపిస్తుంది. నేనైతే కొట్టివేస్తాను.

నీలిసిరా:
మరి ‘ప్రౌడ్ ఫర్ యూ’ సరైనదేనా?

తరగతిగది:
అమెరికా దక్షిణ ప్రాంతాల వ్యవహారంలో వినిపిస్తుంది గానీ, లేఖల్లో వద్దు. వ్యక్తికి ముందు ఆఫ్, కారణానికి ముందు ఫర్ వస్తాయి: ‘ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ యూ ఫర్ టెల్లింగ్ ద ట్రూత్’. మనం ‘నిన్ను చూసి గర్వపడుతున్నాను’ అంటాం కనుక, ఆ ‘చూసి’ని కూడా వదలలేక ‘ప్రౌడ్ బై సీయింగ్ యూ’ అని రాసేవారున్నారు. అక్కడ ఒక్క ఆఫ్ సరిపోతుంది. కారణం పూర్తి వాక్యమైతే ‘ప్రౌడ్ దట్ షి వన్’ అనాలి.

ఉలిసుత్తి:
కాస్త పక్కదారి అయినా చెబుతాను. వడ్రంగం గురించిన ఇంగ్లీషు పుస్తకాల్లో చెక్క మట్టం కంటే పైకి పొడుచుకువచ్చిన మేకు తలను కూడా ‘ప్రౌడ్’ అనే అంటారు.

పాఠశోధకుడు:
మనుషుల విషయంలోనూ ఆ ఛాయ ఉన్నది. వెంట ఆఫ్ ఉంటే ప్రౌడ్ సాధారణంగా మెప్పుగానే ధ్వనిస్తుంది. ఏమీ లేకుండా ‘ఎ ప్రౌడ్ మ్యాన్’ అంటే ఆత్మాభిమానం గలవాడో, తలబిరుసో సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసిందే. ‘టూ ప్రౌడ్ టు ఆస్క్ ఫర్ హెల్ప్’ అన్నది దాదాపు ఎప్పుడూ ఆక్షేపణే. ప్రైడ్‌ఫుల్ అన్న మాటలో ఎక్కువగా అహంకారమే వినిపిస్తుంది కనుక, సిఫారసు లేఖలో కనిపిస్తే రాసినవారిని అడగకుండానే తీసివేయవచ్చు.